ఉత్తమ నటుడికి కుక్కరు

"పడిపోయినోడికి పేరు నేకుండా సేసి, ఇంట్లో కూకున్నోడికి బహుమతిచ్చినారు కదరా! నువ్వూ, ఆ కంపెనీ ఆఫీసరూ, మీ టీవీ! ముగ్గురూ కలిసి నా పెనిమిటిని నాటకంలో ఏసగాడ్ని సేసినారు. ఇంకా ఊపిరి ఎగబీలస్తన్నాడు ఆడక్కడ. అది కూడా నటనేనని సెప్తావేటి, సెప్పు!"

(పోర్టు వెనక నూనె టాంకుల కంపెనీలో మాక్ డ్రిల్లు దివ్యంగా జరిగిందని టీవీ చెప్పిన మర్నాడు, పొద్దున్న తొమ్మిది గంటలు. మద్దిలపాలెంలో గురునాథరావు వీడియో దుకాణం. పెళ్ళిళ్ళు తీసేదీ, కేబులు వార్తలు తీసేదీ ఒకటే కెమెరా. అతను షట్టరు సగం ఎత్తేసరికే జోగమ్మ లోపలికి దూరింది. పక్కింటి కొండలరావుని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది.)

"అబ్బెబ్బే, ముందు కూర్చోండమ్మా. ఇంకా బోణీ కూడా కాలేదు. ఎవరి పెనిమిటి? ఏం నాటకం?"

"రాత్రి వార్తల్లో నువ్వాడించిన నాటకం. టాంకుల కంపెనీలో స్ట్రెచరు మీద మోసుకొచ్చినోడు నా పెనిమిటి. సింహాద్రి."

"ఆయన కొండలరావు గారు కదండీ! అది మాక్ డ్రిల్లమ్మా. ప్రమాదమొస్తే ఎలా కాపాడాలో ఉత్తుత్తినే చేసి చూపిస్తారు. ఆయన స్పృహ తప్పినట్టు నటించారు. కంపెనీ వాళ్ళు టైపు కొట్టి మరీ ఇచ్చారు. అదిగో, మీ వెనకాలే ఉన్నారు కదా కొండలరావు గారు! నమస్కారమండీ. ఒంట్లో కులాసానా?"

"ఆఁ... కులాసాయే బాబూ."

"చూశారా! మనిషి నిక్షేపంలా ఉన్నాడు. నిజంగా ప్రమాదమైతే ఇలా నించుంటాడా?"

"నిలబడక ఏటి సేస్తాడు? నిన్న ఆడు కంపెనీ గేటే తొక్కనేదు. అన్నా, సెప్పు. నిన్న మజ్జానం ఎక్కడున్నావు?"

"సెల్లీ, నాలుగ్గోడల మజ్జిని మాటాడుకుందామన్నావు కదా..."

"ఇక్కడా నాలుగ్గోడలే ఉన్నాయి. లెక్కెట్టుకో. ఎక్కడున్నావు?"

"తగరపువలస."

"ఎందలకి?"

"సంతకి. గేదె బేరముందంటేనూ..."

"కొన్నావా?"

"నేదు. పళ్ళు సూసి వొగ్గీసినాను. ముసల్ది."

"విన్నావా గురునాథరావూ? నీ టీవీలో టాంకు కాడ పడిపోయినోడు, అదే టైముకి తగరపువలస సంతలో గేదె పళ్ళు సూస్తన్నాడు."

"మరి గేటు రిజిస్టర్లో కొండలరావని ఉంది కదమ్మా. నేను కళ్ళారా చూశాను."

"ఈడి పాసు మెళ్ళో ఏసుకుని నా పెనిమిటి ఎల్లినాడు. కాంట్రాక్టు పనోడు ఒక్క పూట మానేస్తే పాసు లాగీసుకుంటారు. అందుకని ఒకుడికి కుదరకపోతే ఇంకొకుడు ఆ పాసేసుకుని ఎల్లిపోతాడు. మేస్త్రీకి తెలుసు, గేటు కాడ సెంట్రీకి తెలుసు. పాసు మీద పొటో ఎండకి ఎలిసిపోయి ఎవుడేసుకున్నా ఆడి మొకంలాగే ఉంటాది."

"అది తప్పు కదమ్మా మరి? రూలు ప్రకారం..."

"ఉండు. రూలు ఇప్పుడొచ్చిందా నీకు? రిజిస్టరు ప్రకారం కొండలరావు పనిలో ఉన్నాడు. టీవీ ప్రకారం కొండలరావు నటించినాడు. కొండలరావు ప్రకారం ఆడు గేదె కాడున్నాడు. నా సింహాద్రి ఎవుల ప్రకారం ఎక్కడున్నట్టు?"

"అదికాదమ్మా. సాయంత్రం ఈయన స్వయంగా కెమెరా ముందు చెప్పారు. 'నాను బాగా యాక్టింగు సేసినాను' అని. వాళ్ళింటి అరుగు మీదే తీశాను."

"ఎన్ని పాలులు సెప్పించినావు?"

"ఏదో... రెండు మూడు సార్లు."

"నాలుగు బాబూ. మొదటి పాలి నాను 'తగరపువలస' అనీసినాను. సేఫ్టీ ఆఫీసరు గారు దగ్గినారు. మళ్ళీ తీసినారు. రెండో పాలి నవ్వొచ్చీసింది. మూడో పాలి కుక్క అరిసింది."

"నాలుగో పాలికి నిజమైపోనాదన్నమాట! నీకు సిగ్గు నేదేటన్నా? నీ పాసు మీద ఎల్లినోడు ఏటయ్యాడో అడగాలనిపించనేదా?"

"అడిగినాను సెల్లీ. సల్లగా ఉన్నాడు, రేపు ఇంటికొచ్చేస్తాడు, ఎవులికీ సెప్పొద్దన్నారు. జీపేసుకుని నలుగురొచ్చినారు. పాసు ఇంకొకుడికిచ్చినందుకు పోలీసు కేసెడతామన్నారు. అదే నోటితో, నటించినానని సెప్తే బహుమతన్నారు. ఒక సేత్తో కేసు, ఒక సేత్తో కుక్కరు. నానేటి సెయ్యను?"

"ఎంతదేటి ఆ కుక్కరు?"

"అయిదు లీటర్లది."

"సేఫ్టీ వారోత్సవాలు కదమ్మా, ఉత్తమ నటుడికని కంపెనీ వాళ్ళు ఇచ్చారు. అదీ వేశాను వార్తల్లో."

"మా ఇంటిది రాత్రే అందులో పప్పెట్టీసింది. ఇంక తిరిగిచ్చీడానికి కూడా నేదు."

"పప్పు ఉడికిందా?"

"ఆఁ. మూడు కూతలకే."

"అక్కడ నా మొగుడి గుండెలోంచి పిల్లి కూత వొస్తంది, ఇక్కడ నీ కుక్కరు కూతలు లెక్కెట్టుకుంటన్నావు. వారమంతా సేఫ్టీ సేఫ్టీ అని గోడలకి కాగితాలంటించినారు. మంచి సేఫ్టీ!"

"అమ్మా, మీ బాధ నాకర్థమైంది. కానీ నాకెందుకు చెప్తున్నారు? కంపెనీని అడగండి. నేను కెమెరావాణ్ణి. జరిగింది తీస్తాను, అంతే."

"జరిగింది తీస్తావా? మా మరిది పెళ్ళి నువ్వే కదేటి తీసినావు? తలంబ్రాలు సరిగ్గా పడనేదని మళ్ళీ పోయించినావు. తాళి కట్టినప్పుడు లైటు పోనాదని, పెళ్ళికొడుకు సేత మళ్ళీ ముళ్ళేయించినావు. ఊరందరికీ మూడు ముళ్ళు, మా తోటికోడలికి ఆరు ముళ్ళు. ఆ పంతులు గారు నెత్తి కొట్టుకున్నారు. జరిగింది తీయవు నువ్వు. నీకు కావలసింది జరిగిందాకా తీస్తావు."

"అది పెళ్ళమ్మా. పెళ్ళి వేరు, వార్త వేరు."

"రెండింటికీ నువ్వు పాటెడతావు కదా. రాత్రి వార్తలో గొంతులన్నీ తీసీసి సన్నాయెందుకెట్టినావు?"

"సన్నాయి కాదమ్మా, వయోలిను. వార్తకి కాస్త నిండుదనం వస్తుందని."

"నాకు పాట అక్కర్నేదు. పాట కింద పూడ్సిన గొంతులు కావాలి. నువ్వు మొదట తీసిన టేపు కావాలి. ఇప్పుడే."

"అది... అదెందుకమ్మా మీకు?"

"ఎందుకా? రాత్రి టీవీలో సూసినాను. మోసేవోళ్ళ నడుమ మొకం అగుపించనేదు గానీ, స్ట్రెచరు మీంచి ఒక కాలు వేలాడతంది. బొటనేలు పక్కన గోరు నేని యేలు. ఇరవయ్యేళ్ళు కడిగినాను ఆ కాలు, నాకు తెల్దా? నాను లెగిసిపోనాను. ఈడింటికెల్తే ఈడు కుక్కరు ముందు కూకున్నాడు. తెల్లారకుండా కంపెనీ గేటు కాడికెల్తే, సింహాద్రనే పనోడు మాకు నేడన్నారు. ఆ సెంట్రీయే పాపం సెవిలో సెప్పినాడు, టాంకులో గేసు కొట్టిందని, కంపెనీవోళ్ళ నర్సింగుహోంలో ఎట్టినారని. అక్కడికెల్తే ఏటయినాదో తెలుసా?"

"ఏమైంది?"

"సింహాద్రి నేడన్నారు. కొండలరావు ఉన్నాడన్నారు. బంధువైతేనే లోపలికి పంపుతామన్నారు. ఏటి సెయ్యను? కొండలరావు పెళ్ళాన్నని సెప్పి లోపలికెల్లినాను."

"ఓలమ్మో! సెల్లీ, అదేటి మాట! నువ్వు నాకు సెల్లివి. ఎవులైనా వింటే..."

"ఆ సిగ్గు నీకు నిన్న ఉండాల్సింది. ఇదిగో ఆసుపత్రి సీటీ. అయిదో కలాసు సదివినాను నాను, సదవగలను. 'కొండలరావు, వయసు నలభై నాలుగు, ఎండదెబ్బ.' మార్చి నెల అయిదో తారీకున ఎండదెబ్బంట! సముద్రం గాలి కొడతంటే! పచ్చటి నీళ్ళలాంటి సెలైనెక్కించి పడుకోబెట్టినారు. పెదాలు నేరేడుపళ్ళలాగున్నాయి. నన్ను సూసి కూడా పోల్చుకోనేదు."

"డాక్టరుతో మాట్లాడారా?"

"మాటాడకుండా ఉంటానా? బాబూ, ఇది ఎండదెబ్బ కాదు, టాంకులో గేసన్నాను. ఆ బాబు మంచోడే, కుర్రోడు. ఏటన్నాడో తెలుసా? 'టీవీలో చూశానమ్మా, అది డ్రిల్లు. ఎండలో నటించి సొమ్మసిల్లాడు' అన్నాడు. డాక్టరు గదిలో కూడా నీ వార్తే! నాడి సూడాల్సినోడు నిన్ను సూసి మందిస్తన్నాడు."

"అయ్యయ్యో."

"కాళ్ళట్టుకున్నాను. అప్పుడు సెప్పినాడు. 'గేసే అయితే దానికి మందు వేరు, ఆ మిషను నా దగ్గర లేదు, ఈ మజ్జానంలోగా పెద్దాసుపత్రికి పంపాలి. ఆలిస్యమైతే నేను చెప్పలేను. కానీ గేసని రాస్తే అది కేసు. కంపెనీవాళ్ళు డ్రిల్లంటున్నారు, టీవీ డ్రిల్లంటంది, నువ్వొక్కర్తివే గేసంటున్నావు. రుజువు తే, వెంటనే రాస్తాను' అన్నాడు. అందుకొచ్చినాను. నీ టేపు రుజువు. ఇయ్యి."

"అమ్మా... నిజం చెప్తున్నా. ఆ టేపు లేదు."

"నేదా?"

"రాత్రే దాని మీద వేరే ఎక్కించేశాను. టేపులు ఖరీదు కదండీ, మళ్ళీ మళ్ళీ వాడతాం. యారాడలో పెళ్ళి. అది ఎక్కించేశాను."

"యారాడలో పెళ్ళా? ఎప్పుడు?"

"రాత్రే. పదకొండింటికి ముహూర్తం."

"అన్నా, ఇప్పుడు మూఢం కాదేటి?"

"మూఢమే సెల్లీ. పండగ ఎల్లిందాకా ముహూర్తాల్నేవు. మా అన్న కూతురి పెళ్ళీ అందుకే ఆపినాం."

"మూఢంలో పెళ్ళి సేసుకున్న ఆ మొగోడెవుడో సూపించు గురునాథరావూ! నాలుగు అచ్చింతలేసి వొస్తాను."

"చూడండమ్మా. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. మా నాన్న రాజోలు నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే పోయాడు, నాకీ ఊరు తప్ప ఇంకోటి తెలీదు. కంపెనీ కాలనీలో కేబులు కనెక్షన్లన్నీ నావే. రేపు వాళ్ళు వైరు కోసేస్తే నేను రోడ్డున పడతా."

"నువ్వు రోడ్డున పడితే లెగుస్తావు. పడుకున్నోడు లెగడు. ఆఫీసరు సెప్పినాడు గనక డ్రిల్లన్నావు. సరే. నీ కళ్ళకేటైంది? ఆ మొకం సూడనేదా నువ్వు? సాయంత్రం ఈడి మొకం తీసినప్పుడు, ఆడి మొకం కాదని తెలీనేదా?"

"లేదమ్మా. ఒట్టు. స్ట్రెచరు మీద మనిషికి మొహం నిండా మాస్కుంది. మొహమే కనపడలేదు నాకు."

"మాస్కా? మాకు మాస్కులెప్పుడిచ్చినారు బాబూ?"

"నువ్వాగన్నా. కాదు, ఆగకు. నువ్వు సెప్పు. ఆ టాంకులో ఏటుంటాది?"

"నాకేటి తెల్సు సెల్లీ, నాను సదువుకున్నోణ్ణి కాదు..."

"తొమ్మిదేళ్ళు దిగినావు అందులో. ఏటుంటాది?"

"మడ్డి. నూనె ఖాళీ సేసినాక అడుగున మడ్డి ఉండిపోతాది. దిగి పారతో తవ్వి బకెట్లకెత్తాలి. తవ్వితే కుళ్ళిన కోడిగుడ్డు కంపొస్తాది. కంపు కొట్టినంతసేపు పరవానేదు. కంపు ఆగిపోనాదా, పార వొగ్గీసి నిచ్చెనెక్కీయాలి. అప్పుడే మనిషిని పడగొడతాది. పాత పనోళ్ళందరికీ తెలుసు ఆ మాట."

"నా పెనిమిటి పాత పనోడా?"

"కాదు. ఆడు బస్తాల పనోడు. టాంకు ఎరగడు."

"ఆ మాట ఆడికి సెప్పినావా, పాసిచ్చినప్పుడు?"

"సెప్దామనుకున్నాను సెల్లీ. బస్సొచ్చీసింది. గేదె అమ్ముడైపోద్దని..."

"సరే. ఏడవకు. కాయితం మీద ఇప్పుడు మంచం మీదున్నోడు ఎవుడు?"

"సింహాద్రి బావ."

"కాయితం మీద."

"...కొండలరావు."

"ఆడు పోతే ఎవుడు పోయినట్టు?"

"అదేటి సెల్లీ అలగంటావు!"

"నువ్వే పోయినట్టు. నీ పాసు పోద్ది, నీ రేషను కారడు పోద్ది, మా వొదిన గాజులు పగలగొట్టుకోవాలి. కుక్కరు పదకొండో రోజు వంటకి పనికొస్తాది, అయిదు లీటర్లది కదా. నా సింహాద్రికి సావు కూడా నేదు. పనిలో నేనోడు, ఆసుపత్రిలో నేనోడు, సచ్చినా నేనోడే! టీవీ సెప్పింది కదా!"

"బాబూ గురునాథం గారూ, ఆ టేపేదో తియ్యండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. పాసు పోతే పోనాది. నాను కెమెరా ముందు సెప్తాను, తగరపువలసలో ఉన్నానని. ఈ పాలి ఎవులు దగ్గినా ఆపను."

"మీకు అర్థం కావట్లేదు. ఆ టేపు బయటికొస్తే..."

"వొస్తే ఏటి? కంపెనీ పరువు పోద్ది. నీదేటి పోద్ది? ఆ డబ్బా మీద 'యారాడ పెళ్ళి' అని రాసుంది, అదేనా? తియ్యన్నా, ఆ బల్ల మీంచి. మూఢం పెళ్ళి సూద్దాం."

"అమ్మా వద్దు. ముట్టుకోకండి. దాన్ని... సరే, నేనే పెడతా. పాడుచేస్తారు. పెడతాను. మేస్త్రీ అరుపు వరకూ చూడండి, మీక్కావలసింది అక్కడే ఉంది. అంతవరకే. తర్వాత ఏమీ లేదు."

"ఎట్టు. గొంతులు పెంచు."

"ఈ టీవీకి సౌండు సరిగ్గా రాదు."

"అన్నా, ఆ మర తిప్పు."

"ఇదేనా? ఆఁ, వొస్తంది."

"'గేసు! గేసురోయ్! ముక్కులు కట్టుకోండి! మూత కాడ ఎవులూ ఉండొద్దు, దూరం, దూరం! తాడు లాగండర్రా!'"

"మేస్త్రీ తాతబాబు గొంతు సెల్లీ! అయిదిళ్ళవతలికి వినపడతాది ఆడి గొంతు. ఎవులైనా పోలుస్తారు."

"ఇది సాలు. డాక్టరుకి ఇది సాలు. గేసని మేస్త్రీయే అరిసినాడు. అదిగో... అదిగో నా సింహాద్రి. బతికున్నాడు సూడన్నా, కళ్ళు తెరిసే ఉన్నాయి. సెయ్యెత్తి గొంతు సూపిస్తన్నాడు. ఏటో అంటన్నాడు."

"మాస్కు నేదు సెల్లీ. మొకం మొత్తం అగుపిస్తంది."

"దొరికింది కదమ్మా మీకు కావలసింది. ఆపేస్తాను ఇంక. పదండి, ఆలస్యమైపోతుంది..."

"సెయ్యి తియ్యి దాని మీంచి. రాత్రి టీవీలో ఈ సెయ్యి కదల్నేదు. వేలాడిపోనాది. ఈడు సెయ్యెత్తిన ముక్క ఎందుకు తీసీసినావు?"

"అమ్మా, చెప్తాను, ముందు ఆపనివ్వండి..."

"'ఆగండాగండి! ఏవండీ, స్ట్రెచరు! ఎండ ఎదురుకొడతందండీ, మొహం సరిగ్గా పళ్ళేదు! మళ్ళీ మూత దగ్గరికి తీసికెళ్ళి ఇంకోసారి మోసుకురండి. మెల్లిగా నడవండి. పడుకున్నాయన గారూ, మీరు చెయ్యి ఊపకండి, స్పృహ లేనట్టుండాలి!'"

"'చెయ్యండి, చెయ్యండి. టీవీ వాళ్ళడుగుతున్నారు కదా. కంగారు పడకండి, నవ్వు మొహాలతో ఉండండి.'"

"ఈ రెండో గొంతు సేఫ్టీ ఆఫీసరు గారిది సెల్లీ."

"అన్నా, మొదటిది ఎవుడిది?"

"'అండీ' అంటన్నాడు సెల్లీ. టాంకుల కాడ మనోళ్ళెవులూ 'అండీ' అనరు."

"మళ్ళీ ఆ గేసులోకి తీసుకెల్లమన్నావా గురునాథరావూ."

"నాలుగింటికి డ్రిల్లని పిలిచారమ్మా, నేను ముందే వెళ్ళాను. రెండున్నరకే మొదలెట్టేశారనుకున్నా. పిల్లల మీదొట్టు. చెయ్యి ఊపుతుంటే, పాపం నటన రావట్లేదనుకున్నాను... రెండోసారి వచ్చినప్పుడు బాగా చేస్తున్నాడనుకున్నాను. బాగుందండీ అని కూడా అన్నాను. రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ వేసి చూసుకుంటేగానీ..."

"సాలు. నీ ఏడుపు నీ ఇంటికాడ ఏడుద్దువు గాని. టేపు నాకియ్యి. కెమెరా బుజానేసుకో. అన్నా, ఆటో ఆపు. డాక్టరు ముందు నువ్వు గేదె మాట సెప్పాల, ఈడు గేసు మాట సెప్పాల. ఎండదెబ్బ కొట్టీసి గేసని రాయాల, కొండలరావు కొట్టీసి సింహాద్రని రాయాల. ఆ రెండూ రాసిందాకా కెమెరా ఆపకు గురునాథరావూ. పద. ఇంకోపాలి మొయ్యమన్నావు కదా నా పెనిమిటిని? మోద్దాం పద, పెద్దాసుపత్రికి. ఈ పాలి స్ట్రెచరు ముందు కొస నువ్వట్టు."